చూడి పందికి వేసిన సూది

తప్పు గిమోదే. ఈ మాట ఆ రోజే అందరి ముందూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. మా తుబోద్ ఊళ్లో ఏ కబురు చాటాలన్నా గిమో, మోటారు సైకిలుకి పక్కబండి తగిలించిన తన ట్రైసికిల్ నెత్తిన మైకు కట్టుకుని సముద్రపు ఒడ్డు నుంచి కొండ మొదలు దాకా తిరుగుతాడు. ఊరి ఆరోగ్య కార్యకర్తగా నేను చీటీ మీద శుభ్రంగా రాసిచ్చాను: ‘రేపు ఉదయం ఎనిమిది గంటలకు, బాస్కెట్‌బాల్ కోర్టులో, గర్భిణులకు హెచ్1ఎన్1 టీకా, ఉచితం.’ గిమోకి హెచ్ దగ్గర ఒకసారి, ఎన్ దగ్గర ఇంకోసారి నాలుక మడత పడింది. ఇది ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాడో ఏమో, చీటీ జేబులో కుక్కుకుని తనకు తోచినట్టు చాటాడు.

“రేపు పొద్దున కోర్టులో పంది జ్వరం టీకాలు. ఊరికే వేస్తారు. అందరూ రండి.”

అందరూ వచ్చారు, పందుల్ని తోలుకుని మరీ.

వాళ్లను అనడానికీ లేదు. ఏటా ఏప్రిల్ నెలలో పశువుల కాంపౌండర్ తిబో ఆ కోర్టులోనే పందులకు సూదులు వేస్తాడు. ఏప్రిల్ వచ్చింది, కోర్టు అదే, మైకు అదే, మైకులో వినపడిన మాట పంది. ఒకామె పందిపిల్లల్ని బియ్యం సంచిలో వేసుకొచ్చింది, ముట్టెలు మాత్రం బయటికి పెట్టుకుని అవి కీచుమంటున్నాయి. ఇంకొకాయన తన పోతుపందిని బుట్ట తగిలించిన స్తంభానికి కట్టేశాడు. అది స్తంభాన్ని ఊడబెరికే పనిలో ఉంది.

టౌను నుంచి వచ్చిన నర్సు అర్నాయిస్ మేడమ్ ఐసు పెట్టెను ఒళ్లో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తోంది.

“లితా, నేను మనుషుల నర్సుని,” అంది.

“తెలుసు మేడమ్.”

“ఇది మూడోసారి. మొదటిసారి ఒక్కరూ రాలేదు. రెండోసారి ఇద్దరొచ్చి, సూది చూసి పారిపోయారు. ఇవాళ కూడా సీసా మూత తీయకుండా వెళ్తే ఈ పెట్టె కొండ ఊళ్లకి పోతుంది. మళ్లీ ఇటు రాదు.”

నేను జనంలో జొవెలిన్ కోసం వెతుకుతున్నాను. నిజం చెప్పాలంటే ఆ సీసాలో మందు ఊళ్లో ఇంకెవరికీ అందకపోయినా ఆ ఒక్క పిల్లకి అందితే చాలనుకున్నాను. ఆరోగ్య కార్యకర్త అనదగ్గ మాట కాదు, కానీ అనుకున్నాను.

కనిపించింది. ముందు దాని అత్త సిద్రా, సిద్రా చేతిలో తాడు, తాడు చివర డోన్యా అనే ఆడపంది, పొట్ట నేలకు ఆనుతూ. వాళ్ల వెనకాల ఏడో నెల కడుపుతో, కుడితి బకెట్టు మోసుకుంటూ జొవెలిన్.

పోయిన ఏడు జూలైలో ఆ పిల్లకి ఐదో నెల. టీవీలో రోజూ పంది జ్వరం అని మోగుతున్న రోజులు. దానికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఒక పొద్దున మా పెరటి గుమ్మంలో నిలబడి, “నాంగ్, మామూలు జలుబేనా ఇది?” అని అడిగింది. నాకంటే చిన్నవాళ్లంతా నన్ను అక్కా అన్నట్టు నాంగ్ అనే పిలుస్తారు. నేను బట్టలు ఉతుకుతున్నాను. చేతుల నిండా నురగ. తలెత్తి సరిగ్గా చూడను కూడా చూడలేదు. “మామూలు జలుబేనే, అల్లం నీళ్లు తాగి పడుకో. భయపడకు,” అన్నాను. నాలుగో రోజుకి ఊపిరందక సెబూ నగరంలో ఆసుపత్రికి తీసుకుపోయారు. మూడు వారాల తర్వాత జొవెలిన్ తిరిగొచ్చింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

అది మొదలు సిద్రా నా మాట చెవిన వేసుకోవడం మానేసింది. చిన్నప్పుడు ఒకే రాతి మీద బట్టలు బాదిన వాళ్లం. ముఖం తిప్పుకున్నా బాగుండేది, కనీసం కోపం ఉందని తెలిసేది. ఎదురుపడితే నవ్వుతుంది, బాగున్నావా అంటుంది, నేను నోరు తెరిచేలోగా వెళ్లిపోతుంది. పైగా ఆ రోజుల్లోనే నేను గోడ మీద పంది బొమ్మ ఉన్న పోస్టరు అంటించాను. దాని దెబ్బకి ఊళ్లో రెండు నెలలు ఎవరూ పంది మాంసం ముట్టలేదు. అది తింటే వచ్చే రోగం కాదని తర్వాత కాగితం వచ్చింది గానీ, అప్పటికే సిద్రా అమ్మకానికి మేపిన మూడు పందులు కొనేవాడు లేక పాకలోనే ఉండిపోయాయి.

ఇక టీకా మాట వచ్చేసరికి సిద్రా ఒక్కటే పట్టు పట్టింది. కడుపుతో ఉన్న మనిషి దేని మీద మనసు పడితే, దేన్ని చూసి బెదిరితే దాని పోలిక బిడ్డకి వస్తుందని మా దగ్గర పెద్దలంతా నమ్ముతారు. నల్ల ద్రాక్ష కోరితే నల్లపిల్ల, కవల అరటిపండు తింటే కవలలు. అలాంటిది పంది పేరున్న మందు పొడిపిస్తే బిడ్డ ముట్టెతో పుట్టదా అని సిద్రా వాదన. మొదటిసారి టీకా రోజున జొవెలిన్‌ని ఇంట్లోంచి కదలనివ్వలేదు. రెండోసారి పుట్టింటికి పంపించేసింది. ఇవాళ పందికి సూది అనుకుని తనే వెంటబెట్టుకొచ్చింది. గిమోది తప్పే, కానీ ఇంత మంచి తప్పు వాడు జన్మలో చేయలేదు.

నేను గిమో చెవిలో చెప్పాను, టౌనుకెళ్లి తిబోని మందుల పెట్టెతో సహా ఎక్కించుకు రమ్మని. వాడు వెళ్లే ముందు మైకు తీసుకున్నాను.

“ఇదిగో వినండి. తిబో వస్తున్నాడు, పందులకీ సూదులు పడతాయి. ఈలోగా కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఇటు బెంచీ మీదకి రండి. ఏ ఇంటి గర్భిణి ముందు సూది వేయించుకుంటే ఆ ఇంటి పందికి ముందు వేయిస్తా.”

“ఇదెక్కడి న్యాయం నాంగ్?” అన్నాడు పోతుపంది వాడు. వాడికి పెళ్లే కాలేదు.

“నువ్వు నీడలో నిలబడు, నీ పంది నీకంటే తెలివిగా ఉంది.”

తొమ్మిది కూడా కాలేదు, అప్పటికే కోర్టు రేకు కప్పు కింద ఉక్క. ఎండ ముదిరితే పంది నిలవదని అందరికీ తెలుసు. ఒక్కొక్కరే బెంచీ మీదకి వచ్చారు, మొత్తం ఆరుగురు. జొవెలిన్ మాత్రం డోన్యా పక్కనే బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది.

కాగితం తీశాను. ప్రశ్నలూ జవాబులూ అని అచ్చు వేసి టౌన్లో ఇచ్చారు, నాకు నోటికి వచ్చు. కానీ మా వాళ్లు అందులో ఉన్నట్టు అడుగుతారా?

“నాంగ్, ఇందులో పంది ఎంతుంటుంది?”

“పంది లేదు, పంది వెంట్రుకా లేదు. కోడిగుడ్డులో తయారు చేస్తారు.”

“అయితే ఈకలతో పుడతాడా?”

“పిల్ల కట్టిన బాతుగుడ్డు ఉడకబెట్టుకుని సాయంత్రం సాయంత్రం పీల్చుకు తింటావు, నీ ముగ్గురు పిల్లల్లో ఎవడికైనా ఈకలొచ్చాయా? గుడ్డు పడనివాళ్లుంటే చెప్పండి, వాళ్లు మాత్రం వేయించుకోకూడదు.”

ఎవరూ చెప్పలేదు. మా ఊళ్లో గుడ్డు పడనివాళ్లు ఇంకా పుట్టలేదు.

“సూది వేయించుకుంటేనే జ్వరం వస్తుందంట కదా?”

“సూదిలో ఉండేది చచ్చిన రోగపు పురుగు, దాంతో జ్వరం ఎలా వస్తుందే. చెయ్యి రెండు రోజులు సలుపుతుంది, ఒళ్లు కాస్త వెచ్చబడొచ్చు. అంతే.”

“మరి అసలు జ్వరం ఎలా అంటుకుంటుంది? నా మొగుడు పంది పాకలోనే పడుకుంటాడు.”

“పందితో పడుకున్నా రాదు, దగ్గే మొగుడితో పడుకుంటే వస్తుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు తుంపర పడుతుంది కదా, అది పీల్చినా వస్తుంది. అది పడ్డ చేత్తో నువ్వు ముక్కో కన్నో రుద్దుకున్నా వస్తుంది. సబ్బుతో చేతులు కడుక్కోమని అందుకే నెత్తీ నోరూ కొట్టుకునేది.”

“అయితే దీవెన కోసం పెద్దవాళ్ల చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకోవద్దా? మా మామ ఊరుకుంటాడా?”

“ముందు మీ మామని చెయ్యి కడుక్కోమను. తర్వాత ఆనించుకో.”

నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది. బెంచీ చివర కూర్చున్న ఒకామె గొంతు తగ్గించి, ఓరగా జొవెలిన్ వైపు చూస్తూ, “పోయినేడు వచ్చి తగ్గినవాళ్లకి కూడా కావాలా?” అంది.

“అప్పట్లో అందరికీ పరీక్షలు చేశారా ఏంటి? వచ్చింది అదో కాదో ఎవరికీ తెలీదు. తెలీనప్పుడు వేయించుకోవడమే మంచిది.”

గర్భిణులతో పాటు టీకా వేయాల్సిన ఆరోగ్య కార్యకర్తల లెక్కలోకి నేనూ వస్తాను కాబట్టి మేడమ్ సీసా మూత తీసి ముందు నాకే వేసింది. అందరూ చూసేట్టు చెయ్యి ఊపి చూపించాను. తర్వాత బెంచీ మీద మొదటి ఇద్దరికీ పడింది. మూడో ఆమె చొక్కా చెయ్యి పైకి మడుస్తుండగా సిద్రా గొంతు వినపడింది.

“కాగితం పక్కన పెట్టు లితా. అందులో లేనిదొకటి అడుగుతా.”

పెట్టాను.

“పోయినేడు మా కోడలు నీ గుమ్మంలోకొస్తే అల్లం నీళ్లు తాగమన్నావు. ఈ ఏడు సూది పొడిపించుకోమంటున్నావు. నీ మాటల్లో నేను ఏది నమ్మాలి?”

బెంచీ మీదవాళ్లు తలలు దించుకున్నారు. పందులు మాత్రం అరుస్తూనే ఉన్నాయి.

నాకు కోపం ముందు వస్తుంది, బుద్ధి తర్వాత. అప్పుడు ఎవరికి మాత్రం తెలుసు, ఈ కాగితమే రాలేదు, టౌన్లో డాక్టర్లు కూడా అలాగే అన్నారు, అని మూడు సమాధానాలు నాలుక చివరికి వచ్చాయి. ఏడాదిగా నాకు నేను చెప్పుకుంటున్నవి అవే. చెప్పేదాన్నే. కానీ జొవెలిన్ బకెట్టులోకి చూస్తూ నిలబడింది. కుడితిలో చూడటానికి ఏముంటుంది?

“పోయినేడు చెప్పింది తప్పు,” అన్నాను. “ఆ పిల్ల మామూలు జలుబేనా అని అడిగింది. అవునో కాదో నాకు తెలీదు. తెలీదని చెప్పడం నాకు చేతకాలేదు సిద్రా. చేతులు కడుక్కుని లేచి దాని నుదురైనా ముట్టుకోలేదు. ఉబ్బసం ఉందని తెలిసీ టౌనుకి పంపలేదు. నీకు చెబుదామని ఎన్నిసార్లో మీ వీధి దాకా వచ్చి వెనక్కి పోయాను.”

సిద్రా తాడు ఇంకో చుట్టు చేతికి తిప్పుకుంది. ఏడుపొస్తుందేమోనని నేను కాగితం మళ్లీ తీసి చూశాను, ఒక్క అక్షరం కనపడలేదు.

అంతలో గిమో ట్రైసికిల్ వచ్చింది. పక్కబండిలోంచి తిబో దిగాడు, పందుల్ని చూశాడు, ఐసు పెట్టెతో కూర్చున్న మేడమ్‌ని చూశాడు, ఏమీ అడగకుండా చొక్కా చేతులు మడిచాడు. ఏ సూది ఎవరికో కలిసిపోకుండా ఆ మూలకి పొమ్మని మేడమ్ వేలు చూపించింది. నేను పెట్టిన వరస తెలీని తిబో మొదట ఆగింది డోన్యా దగ్గరే.

“ఈనడానికి ఎన్నాళ్లుంది?”

“మూడు వారాలు,” అంది సిద్రా.

“అయితే పారుడు సూది ఇవాళే వేసెయ్యాలి.”

మేడమ్ కుర్చీలోంచి తల తిప్పి, “చూడి పందికి సూది వెయ్యొచ్చా? పొట్టలో పిల్లలకి ఏం కాదా?” అని అడిగింది. టౌను మనిషి. నిజంగా తెలియక అడిగిందో, తెలిసే అడిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

పందుల విషయంలో సిద్రాకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఛాతీ విరుచుకుంది.

“వెయ్యొచ్చా అంటారేంటి మేడమ్, వెయ్యాల్సిందే. పిల్లలు పుట్టాక పొడిస్తే టైము చాలదు, అవి పుట్టిన మర్నాడే పారుకుంటాయి. ముందే తల్లికి పొడిస్తే తల్లి నుంచి పిల్లలకి వస్తుంది. ఒక ఈతలో వేయించాను, పదకొండూ బతికాయి. పోయిన ఈతలో బద్ధకించి ఊరుకున్నాను, తొమ్మిదీ మూడ్రోజుల్లో పోయాయి. ఆ తప్పు మళ్లీ చెయ్యకూడదనే ఇంత ఎండలో దీన్ని…”

అక్కడ ఆగిపోయింది.

తిబో సూది ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. గిమో ఏదో అనబోతే వాడి కాలు తొక్కాను. సిద్రా డోన్యా పొట్ట చూసింది. తర్వాత జొవెలిన్ పొట్ట చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ఎవరూ ఒక్క మాట చెప్పలేదు, తన మాటే తనకి వినపడింది.

“మరి ముట్టె సంగతో?” అంది, ఎవరిని అడుగుతుందో తెలియకుండా.

అప్పుడు జొవెలిన్ నోరు విప్పింది. ఏడాదిలో ఆ పిల్ల పదిమందిలో మాట్లాడటం నేను వినలేదు.

“అమ్మా, ఏడు నెలలుగా రోజుకి మూడు పూటలా ఈ పందుల మొహాలే చూస్తున్నా. పోలికలు అంటుకునేవే అయితే ఈపాటికి నీ మనవడికి తోక కూడా వచ్చేసుంటుంది.”

కోర్టంతా పగలబడి నవ్వింది. సిద్రా మూతి బిగించింది గానీ ఎక్కువసేపు నిలవలేదు.

“నోరు చూడు దీనికి,” అంది నవ్వుతూనే. కోడలి చేతిలో బకెట్టు లాక్కుంది. “ఇటియ్యి. వెళ్లు, వెళ్లి కూర్చో. మేడమ్, ఎడం చేతికి వెయ్యండి, కుడిచేత్తో పనుంటుంది.”

సీసాలో కొంత మిగిలిపోయి పారబోయాల్సి వచ్చింది. అయినా ఆ రోజు నా మనసు నిండుగా ఉంది. డోన్యా సూదికి అరిచిన అరుపు సముద్రం దాకా వినపడింది. జొవెలిన్ మాత్రం కిక్కురుమనలేదు.

మే నెలలో డోన్యా పది పిల్లల్ని ఈనింది, పదీ బతికాయి. జూన్ చివర్లో, వానలు మొదలైన వారానికి, జొవెలిన్‌కి ఆడపిల్ల పుట్టింది. సిద్రా అందరికంటే ముందు చూసింది ముక్కు. చప్పిడిగా, వెడల్పుగా ఉంది. కాసేపు వేలితో నిమిరి, “ఇది ముట్టె కాదు, పోయిన మా ఆయన ముక్కు,” అని తేల్చింది. వానల్లో ఆ వీధిలో ఇంటికొకరు దగ్గారు. ఎవరు గడప తొక్కినా సిద్రా సబ్బు చూపించి చెంబు అందించేది. పిల్లకి ఒక్క తుమ్ము కూడా రాలేదు.

ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, “బాప్తిస్మానికి తెల్ల గౌను నువ్వే కుట్టించాలి. లేసు బాగా ఉండాలి,” అంది. మా దగ్గర ఆ గౌను కుట్టించేది జ్ఞానస్నానపు తల్లి, అంటే బాప్తిస్మంలో బిడ్డకి రెండో తల్లిగా నిలబడే మనిషి. అంతకంటే ఏమీ చెప్పలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆవిడ వెళ్లాక నేను గుమ్మంలోనే కూర్చుని కాసేపు ఏడ్చాను. సంతోషంతోనే.

ఆగస్టులో బాప్తిస్మం. డోన్యా పిల్లల్లో ఒకదాన్ని కడుపులో నిమ్మగడ్డి కుక్కి, పెరట్లో నిప్పుల మీద తిప్పి తిప్పి కాల్చారు. గుడి నుంచి వచ్చి ఆకుల మీద అన్నం పరుస్తుండగా నా ఒళ్లో పిల్ల తుమ్మింది. మళ్లీ తుమ్మింది. మూడోసారీ తుమ్మింది.

జొవెలిన్ చేతిలో పళ్లెం అలాగే ఆగిపోయింది.

“నాంగ్, మామూలు తుమ్మేనా?”

పెరట్లో ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు. మామూలేనే అనే మాట నాలుక మీదికి అలవాటుగా వచ్చేసింది. మింగేశాను. పిల్లని సిద్రాకి అందించి, కుండ దగ్గరికెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, పిల్ల నుదురు ముట్టుకుని చూశాను. చల్లగానే ఉంది.

“నాకు తెలీదే,” అన్నాను. “పద, మేడమ్‌కి చూపిద్దాం.”

గిమో ట్రైసికిల్ మీద నేనూ, జొవెలిన్, సిద్రా, లేసు గౌనులో పిల్ల, అందరం ఇరుక్కుని వెళ్లాం. ‘తప్పుకోండి, తప్పుకోండి’ అని వాడు దారంతా మైకులో అరిచాడు. మేడమ్ పిల్ల ఛాతీకి గొట్టం ఆనించి విన్నది, ముక్కు చూసింది, గొంతు చూసింది. తర్వాత మా ముగ్గుర్నీ దగ్గరికొచ్చి వాసన చూసింది.

“పొగ. మీరంతా కాల్చిన పందిలా ఉన్నారు. పిల్లని పెరట్లోంచి లోపలికి మార్చండి,” అంది. “అయినా తీసుకురావడం మంచి పని చేశారు.”

తిరిగొచ్చేసరికి చుట్టాలు పందిని ఎముకలు తేల్చేశారు. కరకరలాడే చర్మం ముక్క ఒక్కటి మిగల్లేదు. నాకు ఆకలి దంచేస్తోంది, కోపం కూడా వచ్చింది. సిద్రా వంటింట్లోకి వెళ్లి, మూకుడు కింద అరటాకులో చుట్టి పెట్టిన పంది చెవి తెచ్చి నా ముందు పెట్టింది. మా దగ్గర అది ఇంటి పెద్దకి దక్కే ముక్క.

“ఇదెప్పుడు దాచావే?” అన్నాను.

“నువ్వు తెలీదు అన్నావు కదా, అప్పుడే,” అంది సిద్రా. “ఆలస్యమవుతుందని తీసి పెట్టా.”